పుట్టింటి నుంచి పసిబిడ్డ వస్తే ఇంట్లో కుక్క ఏం చేస్తుంది?

తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళ్తారు. బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక, మంచి రోజు చూసి అత్తింటికి పంపుతారు. కుక్కను పెంచుకునే ఇళ్లకు ఈ ఆనవాయితీతో ఒక చిక్కుంది. కుక్కకీ పసిబిడ్డకీ పరిచయం ఎలా చేయాలో చెప్పే సలహాలన్నీ ఆసుపత్రి నుంచి రెండో రోజో మూడో రోజో సొంతింటికి వచ్చేసే తల్లిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కాపురం విజయవాడ పటమటలో, పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేటలో అయితే ఆ లెక్క కుదరదు. పటమట కుక్క నెలల తరబడి తన మనిషిని చూడలేదు. బ్రాడీపేట ఇంట్లోనూ ఒక కుక్క ఉంటే, దానికి నాలుగు రోజుల పసిగుడ్డు ఒక్కసారిగా ఎదురవుతుంది. ఈ రెండు కుక్కల ఇబ్బందీ ఒకటి కాదు, వాటికి చేయాల్సిన ఏర్పాట్లూ ఒకటి కావు.

ముందుగా ఒక అపోహ సంగతి. పసిబిడ్డ వచ్చాక కుక్క అన్నం మానేసినా, హాల్లో ఒంటేలు పోసినా, పొత్తిగుడ్డల బుట్ట దగ్గర కాలెత్తినా ఇంట్లో వాళ్లు చెప్పే మాట ఒకటే: "దానికి కుళ్లుగా ఉంది." కుళ్లు అనుకుంటే తర్వాత వచ్చేది తిట్టే. నిజానికి కుక్కకు తెలిసింది మార్పులు మాత్రమే. పొద్దున ఆరింటికి బయటికి తీసుకెళ్లే మనిషి ఎనిమిదైనా లేవడు. ఇన్నాళ్లూ తను పడుకున్న గదికి తలుపు వేసి ఉంటుంది. ఇంట్లో కొత్త వాసనలు, కొత్త మనుషులు. వీటన్నిటి మధ్యలో, గంటకోసారి చెవులు చిల్లులు పడే ఏడుపు. దగ్గర నుంచి వింటే పసిబిడ్డ కేక 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మనకే తల తిరుగుతుంది, కుక్క చెవి మన చెవికంటే సున్నితం. కాలెత్తడం కూడా చాలాసార్లు కొత్త వాసన మీద తన వాసన వేసుకోవడమే తప్ప పగ కాదు.

ఇంకో అపోహ దీనికి పూర్తిగా ఎదురు. కుక్క ఉయ్యాల కింద పడుకోగానే ఫోటో తీసి "మా పాపకి కాపలా కాస్తున్నాడు" అని అందరికీ పంపుతారు. కాస్తుండొచ్చు. అయితే తల్లి రోజంతా ఉండేది ఆ గదిలోనే, ఏసీ ఉన్నదీ అక్కడే, కింద చల్లటి గచ్చు ఉన్నదీ అక్కడే. మే నెల బెజవాడలో ఏ కుక్కయినా అక్కడే పడుకుంటుంది. బిడ్డ ఏడిస్తే తల్లి దగ్గరికీ ఉయ్యాల దగ్గరికీ తిరగడాన్ని కూడా పిలవడానికి వచ్చిందని మురిసిపోతారు. ఆ శబ్దానికి ఏం చేయాలో తోచక కంగారు పడుతున్నప్పుడూ కుక్క సరిగ్గా అలాగే తిరుగుతుంది. తోక నడుము కింద ఉండి, నోరు తెరిచి వగరుస్తూ తిరుగుతుంటే అది కంగారే.

పది సెకన్లలో కనిపించేవి

కుక్క హఠాత్తుగా కరిచిందని అందరూ అంటారు కానీ, చాలా సందర్భాల్లో అది ముందే చెప్పి ఉంటుంది. కాకపోతే మనకు తెలిసిన భాషలో కాదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చున్న తల్లి దగ్గరికి కుక్క వచ్చిందనుకుందాం. బిడ్డ ఒక్కసారి కాలు విదిలించింది. కుక్క తల పక్కకు తిప్పుకుంది. ఒకసారి నాలుకతో ముక్కు నాక్కుంది, అక్కడ తిండేమీ లేకపోయినా. నిద్ర రాకపోయినా ఆవులించింది. ఇక్కడి దాకా అది చెబుతున్న మాట "నాకు ఇబ్బందిగా ఉంది" అని. బిడ్డ మళ్లీ కదిలింది. ఈసారి కుక్క తల తిప్పలేదు, కళ్లు మాత్రమే పక్కకు తిప్పి చూసింది. కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. మూతి మూసుకుంది. తోక ఊగడం ఆగింది. ఒళ్లంతా బిగుసుకుని రెండు సెకన్లు కదలకుండా నిలబడింది. ఇది ఆఖరి హెచ్చరికకు ముందు మెట్టు. దీని తర్వాతే గుర్రుమనడం, ఆ తర్వాత పళ్లు.

గుర్రుమన్నందుకు కుక్కను కొట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. దెబ్బ పడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. ఇక దాని దగ్గర మిగిలేది కరవడమే. గుర్రుమంటే అరవకుండా, బిడ్డను గబుక్కున గాల్లోకి ఎత్తకుండా, కుక్కను పేరుతో పిలిచి దూరం తీసుకెళ్లాలి. ఏం జరిగితే గుర్రుమందో గుర్తుపెట్టుకుని, ఆ పరిస్థితి మళ్లీ రాకుండా చూడాలి. బిడ్డను ఎత్తడం గురించి ప్రత్యేకంగా ఎందుకంటే, కుక్క రాగానే భుజం పైకి లేపేసుకోవడం మనకు అలవాటు. బంతిని అలా పైకెత్తితే కుక్క ఏం చేస్తుందో తెలిసిందే. ఇక్కడా ఎగురుతుంది.

వీటన్నిటికంటే భయపడాల్సింది గుర్రుమనని కుక్కకు. బిడ్డ ఏడుపు వినగానే చెవులు ముందుకు నిక్కించి, ఒళ్లు కాస్త వంచి, రెప్ప వేయకుండా చూస్తూ, ఒక్కో అడుగూ నెమ్మదిగా వేస్తుంటే, లేదా సన్నగా కుయ్‌కుయ్‌మంటూ వణుకుతుంటే, అది ముచ్చటపడటం కాదు. ఉడతనో పిల్లికూననో చూసినప్పటి చూపు అది. పసిబిడ్డ సన్నటి కేక, గుడ్డ లోపల విదిలించే కాళ్లూ చేతులూ కొన్ని కుక్కల్లో వేట బుద్ధిని లేపుతాయి. గతంలో కోడినో పిల్లినో చంపిన కుక్క, మనిషిని ఒక్కసారైనా కరిచిన కుక్క, అన్నం గిన్నె దగ్గరికి పోతే మీదపడే కుక్క ఉన్న ఇల్లు కాన్పుకు ముందే పశువైద్యుడినీ శిక్షకుడినీ కలవాలి. అప్పుడప్పుడూ సరైన జవాబు, కుక్కను ఏడాది రెండేళ్లపాటు బంధువుల ఇంట్లో పెట్టడమే. అందులో తప్పూ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

పుట్టింట్లో: ఉయ్యాల, స్నానం, మెష్ తలుపు

పుట్టింటి కుక్కకు ఒక వెసులుబాటు ఉంది. కూతురు కాన్పుకు ముందే వచ్చి ఉంటుంది కాబట్టి సిద్ధం చేయడానికి సమయం దొరుకుతుంది. బాలింత ఉండబోయే గది ఏదో ముందే తేల్చి, కుక్కకు ఆ గదిలో ప్రవేశం ఇప్పటి నుంచే ఆపాలి. బిడ్డ వచ్చిన రోజున ఆపితే, బిడ్డ వల్లే తలుపు మూసుకుందని దానికి అర్థమవుతుంది. మంచం మీద పడుకునే అలవాటు ఉంటే అదీ కనీసం రెండు నెలల ముందు మాన్పించాలి. పొమరేనియన్, షిట్జు లాంటి చిన్న కుక్కలకు దీంట్లో మినహాయింపు ఇస్తుంటారు, ఇవ్వకూడదు. పసిబిడ్డ ముఖం మీదో పక్కనో నాలుగు కిలోల కుక్క ఆనుకున్నా ఊపిరి ఆడదు.

గదికి మూసే తలుపు కంటే దోమల మెష్ తలుపు మేలు. విజయవాడ, గుంటూరు ఇళ్లలో అది ఎలాగూ ఉంటుంది. కుక్క చూడగలదు, వాసన పట్టగలదు, వినగలదు, లోపలికి మాత్రం రాలేదు. పూర్తిగా మూసేస్తే తలుపు అవతల ఏముందోనన్న ఆత్రం పెరుగుతుంది. కాకపోతే నైలాన్ మెష్‌ను లాబ్రడార్ గోళ్లు ఒక పూటలో చీల్చేస్తాయి. కింది మూడడుగులకు స్టీలు జాలీ వేయించాలి. అయస్కాంతాలతో అతుక్కునే తెరలు కుక్కను ఆపవు.

ఏడుపు శబ్దం అలవాటు చేయడం తేలిక. ఫోన్‌లో పసిపిల్లల ఏడుపు రికార్డింగ్ పెట్టి, కుక్క చెవి మాత్రం తిప్పి మళ్లీ తన పని చూసుకునేంత తక్కువ శబ్దంతో మొదలుపెట్టాలి. ఏడుపు వినిపిస్తున్నంతసేపూ ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలుగా ఒక్కోటీ పెట్టాలి, ఏడుపు ఆగగానే ముక్కలూ ఆగాలి. పూటకు ఐదు నిమిషాలు, పది పదిహేను ముక్కలు చాలు. మూడు నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా శబ్దం పెంచాలి. కుక్క లేచి వెళ్లిపోయినా, వగర్చినా, ముక్క తీసుకోకపోయినా తొందరపడ్డట్టే, మళ్లీ తగ్గించాలి. దీనితోపాటే ఒక చాప చూపించి "చాప మీదికి" అంటే వెళ్లి పడుకోవడం నేర్పితే, కాలింగ్ బెల్ మోగిన ప్రతిసారీ పనికొస్తుంది. బెల్ మోగడం, కుక్క మొరగడం, బిడ్డ లేచి ఏడవడం, అందరూ కుక్క మీద విరుచుకుపడటం రోజుకు పదిసార్లు జరిగే తంతు. పదో రోజుకల్లా బిడ్డ ఏడుపంటే తిట్ల ముహూర్తమని కుక్కకు స్థిరపడిపోతుంది.

ఆసుపత్రి నుంచి బిడ్డకు తొడిగిన గుడ్డ తెచ్చి వాసన చూపించడం అందరూ చెప్పే చిట్కా. చేయొచ్చు, నష్టం లేదు. గుడ్డను చేత్తో పట్టుకుని రెండడుగుల దూరంలో ఉంచి, ప్రశాంతంగా వాసన చూస్తే ముక్క పెట్టాలి. నోట పట్టి లాగనివ్వకూడదు. కానీ గుడ్డ చూపించాం కాబట్టి పరిచయం అయిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. వాసన తెలిసినంత మాత్రాన ఏడ్చే, కదిలే బిడ్డ తెలిసినట్టు కాదు.

ఇక చీర ఉయ్యాల. కొక్కేనికి కట్టిన ఉయ్యాల అడుగు గచ్చుకు అడుగున్నర రెండడుగుల ఎత్తులో వేలాడుతుంది. లాబ్రడార్ భుజం ఎత్తు కూడా సుమారు రెండడుగులే. అంటే బిడ్డ వీపు సరిగ్గా కుక్క మూతి దగ్గర ఊగుతుంది. లోపల ఏముందో కనిపించదు, గుడ్డ మాత్రం కదులుతుంది, మధ్యలో ఉబ్బుతుంది, చప్పుడు చేస్తుంది. కుక్క కంటికి ఇంతకంటే ఊరించే వస్తువు ఉండదు. కొందరు ఉయ్యాలను ఇంకా పైకి కడతారు. దాంతో బిడ్డ జారిపడే ఎత్తు పెరుగుతుందే తప్ప, వెనక కాళ్ల మీద లేచే కుక్కకు అడ్డేమీ ఉండదు. ఉయ్యాలలో బిడ్డ ఉన్నంతసేపూ మెష్ తలుపు గడియ పడి ఉండటం ఒక్కటే దారి. తల్లి నిద్రపోతుంటే ఆ గదిలో పెద్దవాళ్లు ఉన్నట్టు కాదు, ఈ విషయంలో.

స్నానం వేళా అంతే. అమ్మమ్మ కాళ్లు బారచాపుకుని, బిడ్డను వేసుకుని, నువ్వుల నూనెతోనో వెన్నతోనో ఒళ్లంతా మర్దన చేసి శనగపిండితో నలుగు పెడుతుంటే, ఆ మూడు వాసనలూ కుక్కకు తిండి వాసనలే. నాకడానికి రావడం సహజం. అమ్మమ్మ రెండు చేతులూ జిడ్డుగా, కాళ్లు కదపలేని స్థితిలో ఉంటాయి కనుక కుక్కను ఆపడానికి రెండో మనిషి ఉండాలి, లేదా తలుపు వేయాలి. తర్వాత వేసే సాంబ్రాణి పొగకు చాలా కుక్కలు తమంతట తామే లేచి పోతాయి, పోనివ్వాలి. బాలింత పథ్యంలో మిగిలిన వెల్లుల్లి కారం అన్నం కుక్కకు వేయకూడదు. ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి.

ఇరవై ఒకటో రోజు బారసాలకు ఇంట్లో యాభైమంది చేరితే కుక్కను చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఆ పూట దాన్ని పక్కింట్లోనో, పెట్ బోర్డింగ్‌లోనో ఉంచడం మంచిది. డాబా మీద కట్టేయడం మాత్రం వద్దు. ఎండాకాలంలో అది వడదెబ్బకు దారి. ఏ కాలంలోనైనా కింద సందడి వింటూ గంటలకొద్దీ గొలుసు లాక్కున్న కుక్క, విప్పగానే దూసుకొస్తుంది.

అత్తింట్లో: ఒకే రోజు రెండు పరిచయాలు

పటమట కుక్క సమస్య బిడ్డతో మొదలవ్వదు, తల్లితో మొదలవుతుంది. నెలల తర్వాత కనిపించిన మనిషి మీద కుక్క ఎగురుతుంది, మూతి నాకుతుంది, గిరగిరా తిరుగుతుంది. ముప్ఫై కిలోల కుక్క ఆ ఊపులో ఉన్నప్పుడు ఆ మనిషి చేతిలో ఐదు కిలోల బిడ్డ ఉంటుంది. ఇందులో కుక్క దుర్బుద్ధి ఏమీ లేదు, గోరు తగలడానికి ప్రేమ చాలు. దీనికి తోడు గుమ్మం దగ్గర ఎర్రనీళ్ల దిష్టి, హారతి, పదిమంది మనుషులు. అందుకే రెండు పరిచయాలనూ విడదీయాలి.

ముహూర్తానికి అరగంట ముందు కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు చేరేలా బయల్దేరాలి. రాహుకాలం చూసుకునేవాళ్లకు ఈ అరగంట లెక్కలో కలుపుకోవడం కష్టం కాదు. బిడ్డ ఏసీ కారులో అమ్మమ్మ ఒళ్లో ఉంటుంది. ఇంట్లోంచి ఒకరు కుక్కను తాడుతో కిందికి తెస్తారు. తల్లి ఒక్కతే ఖాళీ చేతులతో దిగి, కాస్త అవతలగా పది నిమిషాలు దాన్ని తనివితీరా పలకరిస్తుంది. కాన్పు ఆపరేషన్ అయితే కుక్కను మీదికి ఎగరనివ్వకుండా కుర్చీలో కూర్చుని పలకరించాలి. తర్వాత కుక్క అరగంట నడకకు పోతుంది. ఈలోపు పైన హారతి, దిష్టి, పలకరింపులు అన్నీ అయిపోతాయి.

నడిచి అలిసి వచ్చిన కుక్కకు నీళ్లు పెట్టి, తాడు విప్పకుండానే హాల్లోకి తేవాలి. బిడ్డను పట్టుకునేది ఒకరు, తాడు పట్టుకునేది ఇంకొకరు. బిడ్డతో ఉన్నవాళ్లు కూర్చుని ఉండాలి, మొదట ఏడెనిమిది అడుగుల దూరం. తాడు బిగించి పట్టకూడదు. బిగిస్తే ఏదో ప్రమాదం ఉందని కుక్కకు తాడే చెప్పినట్టవుతుంది. బిడ్డను చూసి మళ్లీ తాడు పట్టుకున్న మనిషి వైపు తిరిగిన ప్రతిసారీ ఒక ముక్క. రెండు మూడు నిమిషాలకు బయటికి తీసుకుపోవాలి. ఆ రోజుకు అది చాలు. పాదాల దగ్గర వాసన చూడనివ్వడం రెండో రోజో, నాలుగో రోజో, ఒళ్లు వదులుగా, తోక నింపాదిగా ఊగుతున్నప్పుడు. ముఖం దగ్గర ఎప్పుడూ వద్దు.

గుంటూరు నుంచి విజయవాడకు దూరం సుమారు 35 కిలోమీటర్లే. తండ్రి వారం వారం వెళ్లొస్తూనే ఉంటాడు. అతని చొక్కా మీది పాలవాసన, పౌడరు వాసన కుక్కకు ఎలాగూ చేరుతాయి. ఇంటికి రాగానే పది నిమిషాలు నింపాదిగా కూర్చుని ఆ వాసన చూడనిస్తే ఖర్చులేని సన్నాహం అది.

ఇల్లు కుదుటపడ్డాక జరిగే పొరపాటు మరొకటి. బిడ్డ మెలకువగా ఉన్నంతసేపూ కుక్కను పట్టించుకోరు, బిడ్డ పడుకోగానే జాలిపడి దగ్గరికి తీస్తారు. కుక్కకు దీనివల్ల తెలిసేది, బిడ్డ లేకపోతేనే తనకు మంచి రోజులని. సరిగ్గా తిరగేయాలి. అన్నం, ముద్దు, ఆట బిడ్డ కళ్లెదుట ఉన్నప్పుడు, బిడ్డ నిద్రపోతుంటే కుక్కకూ విశ్రాంతి. కుక్క మూతికి తొడిగే మజిల్ వాడాల్సి వస్తే బుట్టలాంటిదే తీసుకోవాలి. మూతిని చుట్టి కట్టేసే గుడ్డ మజిల్‌తో కుక్క వగర్చలేదు, మన ఎండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పురుగులు, పిడుదులు, డైపర్లు

బిడ్డ రాకముందే కుక్కకు ఏలికపాములు, కొంకి పురుగుల మందు వేయించి, ఆపైన మూడు నెలలకోసారి కొనసాగించాలి. యాంటీ రేబిస్ టీకా ఏటా తప్పనిసరి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. పిడుదుల మందు మెడ మీద చుక్కలుగా వేసిన రోజు, అది పూర్తిగా ఆరేదాకా కుక్కను బిడ్డ పక్కబట్టలకు దూరంగా ఉంచాలి. బొడ్డు ఊడి పుండు మానేదాకా కుక్క నాలుక బిడ్డకు తగలకూడదు. తర్వాత కూడా నోరు, కళ్లు, గీతలు పడ్డ చర్మం నాకనివ్వకూడదు. వాడిన డైపర్లు మూత బిగుతుగా ఉండే డబ్బాలో వేయాలి. కుక్కలు వాటిని ఇష్టంగా తింటాయి, లోపలి జెల్ పేగులో ఉబ్బి అడ్డుపడితే ఆపరేషనే.

బిడ్డకు కుక్క పన్ను గీసుకున్నా, రక్తం చిన్న చుక్కే వచ్చినా, ఇంట్లో కుక్కే కదా, దానికి టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడిగితే తెలుస్తుంది, 15 నిమిషాలు ఎంత ఎక్కువసేపో. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ అద్దకూడదు. వెంటనే ఆసుపత్రికి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. చర్మం చిట్లి రక్తం వచ్చిన గాయానికి దీనితోపాటు బిడ్డ బరువును బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను (రేబిస్‌ను ఎదుర్కొనే సిద్ధ యాంటీబాడీల మందును) గాయంలోనే ఎక్కిస్తారు. కుక్కను పది రోజులు గమనించాలి, కానీ టీకా మొదలుపెట్టడానికి ఆ పది రోజులు ఆగకూడదు. పిల్లలకు మామూలుగా వేసే టీకాల్లో రేబిస్ టీకా లేదని చాలామంది తల్లిదండ్రులు గమనించరు.

మొదటి ఆరు నెలలు సాఫీగా గడిచాయని తలుపు గడియ వదిలేసే ఇళ్లు ఎక్కువ. అసలు కష్టం బిడ్డ పాకడం మొదలుపెట్టాకే, ఏడెనిమిది నెలలకు. అప్పటిదాకా కుక్క కావాలంటే బిడ్డ దగ్గరికి వచ్చేది, లేదంటే పోయేది. ఇప్పుడు బిడ్డే దాని వెంట పడుతుంది. చెవి పట్టి లాగుతుంది, నిద్రపోతున్న కుక్క మీద చేయి వేసి లేవబోతుంది, అన్నం గిన్నెలో చేయి పెడుతుంది. నడుం నొప్పో చెవి పుండో ఉన్న ముసలి కుక్కకు ఆ చేయి తగిలితే అంతే. పాకడం మొదలవకముందే దాని గిన్నె, చాప, నీళ్ల తొట్టి గేటు అవతలికి మారాలి. వంటింటి బాల్కనీ దీనికి బాగా పనికొస్తుంది, మధ్యాహ్నం ఎండ నేరుగా పడకపోతే.